మూలుగు ఆగిన ఆదివారం

గరివిడి రైలుగేటు దాటి ఫ్యాక్టరీ క్వార్టర్ల వైపు తిరిగితే కుడిచేతి పక్కన ఒక బాప్టిస్టు చర్చి ఉంది. ఆదివారం పూట ఆ చర్చిలో దేవుడి తరవాత తప్పనిసరిగా ఉండవలసిన మనిషి ఒక్కడే. పాస్టరు గారికి జ్వరం వస్తే చీపురుపల్లి నుంచో రాజాం నుంచో ఇంకో పాస్టరును పిలుచుకుంటారు. సంఘ పెద్దలు పెళ్ళిళ్ళకు పోవచ్చు. పాటల బృందంలో సగంమంది అలిగి ఇంట్లో కూర్చోవచ్చు, కూర్చుంటారు కూడా. చినబాబు మాత్రం రావాలి. చినబాబు రాకపోతే మైకు లేదు. మైకు లేకపోతే ఆరాధన లేదు.

సంఘం రిజిస్టరులో అతని పేరు జీవప్రకాశరావు. కాని నలభై ఆరేళ్ళు వచ్చినా, చెవుల పైన జుట్టు తెల్లబడినా, ఊరికి అతను చినబాబే. పెదబాబు ఎవరని అడిగినవాళ్ళు లేరు. అడిగితే చెప్పగలవాళ్ళు అంతకన్నా లేరు. వారంలో ఆరు రోజులు ఫ్యాక్టరీలో క్రేన్ల ఎలక్ట్రీషియనుగా పనిచేస్తాడు. ఏడో రోజున సృష్టికర్త అంతటివాడు విశ్రాంతి తీసుకున్నాడని గ్రంథం చెబుతోంది గాని, ఆ సౌకర్యం చినబాబుకు వర్తించదు. ఆదివారం పొద్దున షిఫ్టు పడితే ఎవరినో బతిమాలి మార్పించుకుని, ఆరున్నరకల్లా చర్చి తాళం తీస్తాడు. పందొమ్మిదేళ్ళుగా ఇదే వరస.

చర్చి వెనక భాగంలో, గుమ్మం పక్కన, నాలుగడుగుల చదరంలో ప్లైవుడ్‌తో కట్టిన గూడు ఒకటి ఉంది. దాన్ని అందరూ పెట్టె అంటారు. నడుము ఎత్తు గోడ, దాని మీద ఇనప జాలీ, ఒక సగం తలుపు. ఒక క్రిస్మస్ నాడు ఎవరి పిల్లలో వైరు పీకి లోకరక్షకుని జననాన్ని మధ్యలో ఆపేశారని, సంఘం తీర్మానం చేసి మరీ కట్టించింది. లోపలి వైపు గొళ్ళెం పెట్టడానికి చోటు చాలలేదు కనుక వడ్రంగి దాన్ని బయట బిగించాడు. ఆరాధన మొదలయ్యే ముందు ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి, చినబాబును పలకరించి, గొళ్ళెం బాధ్యతగా వేసి వెళ్తాడు. రెండున్నర గంటల తరవాత ఎవరికైనా గుర్తొస్తే తీస్తారు.

పెట్టెలోని యంత్రసంపద గురించి రెండు ముక్కలు చెప్పాలి. మిక్సర్ మీద పన్నెండు మైకులకు తావుంది. అందులో నాలుగు పనిచేయవు. వాటిని రిటైరైన ఉద్యోగుల్లా గౌరవంగా అలాగే ఉంచారు. మిగిలిన ఎనిమిదింటిలో ఏది ఎవరిదో రాసిన కాగితాలు ఎప్పుడో ఊడిపోయాయి. ఆ వివరం చినబాబు బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు. ఇక ఆంప్లిఫయర్. దాని ప్లగ్గు గోడ సాకెట్‌లో వదులుగా ఉంటుంది. ఎవరైనా అదిమి పట్టుకుంటేనే కరెంటు అందుతుంది. చేతులు రెండూ మిక్సర్ మీద ఉంటాయి కనుక ఆ పని చినబాబు ఎడమ మోకాలికి పడింది. మొదటి కీర్తన నుంచి ఆఖరి ఆశీర్వాదం దాకా ఆ మోకాలు ఆ ప్లగ్గును గోడకేసి నొక్కుతూనే ఉంటుంది. ఏడేళ్ళ రాపిడికి అక్కడ చర్మం నల్లగా కాయ కాసింది.

ఒక ఉపవాస కూటంలో పంచె ఎగదోసుకుని కూర్చున్న చినబాబును చూసి డేవిడ్‌రాజు పాస్టరు గారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆ తరవాతి ఆదివారం ప్రసంగంలో, "ప్రార్థనలో గడిపేవాడి మోకాలు ఎలా ఉంటుందో చూడాలంటే మన చినబాబు మోకాలు చూడండి" అన్నారు. సంఘమంతా వెనక్కి తిరిగి చూసింది. ఆ సమయంలో ఆ మోకాలు ప్లగ్గు నొక్కుతోంది కనుక లేచి చూపించే వీలు లేకపోయింది. ప్రార్థనకు రెండు మోకాళ్ళూ వంచాలి గదా, కాయ ఒక్క దానికే ఎందుకు కాసిందని ఎవరూ అడగలేదు. భక్తిలో లెక్కలు చూడకూడదు.

వీటన్నిటి పైన మూలుగు ఒకటి. స్విచ్చి వేసింది మొదలు ఆపేదాకా స్పీకర్లలోంచి గుంయ్‌మని సన్నగా మూలుగు వస్తూనే ఉంటుంది. సంఘం దానికి ఎంతగా అలవాటు పడిందంటే, పాట ఏ శ్రుతిలో ఎత్తాలో కూడా దాన్ని బట్టే తెలుసుకుంటారు. చినబాబుకు మాత్రం అది రోగి నాడి. మూలుగు ఉందంటే కరెంటు ఉంది, ప్లగ్గు ఉంది, మైకు బతికే ఉంది. మూలుగు ఆగిందంటే ఏదో పోయింది. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నా అతని చెవి ఆ నాడి మీదే ఉంటుంది.

ఫ్యాక్టరీలో నలభై టన్నుల క్రేన్లను బాగుచేసేవాడు సొంత చర్చిలో ఒక సాకెట్ బాగుచేసుకోలేడా అని ఎవరికైనా అనుమానం రావాలి. ఎవరికీ రాలేదు గనక మనమే చెప్పుకోవాలి. ఏడేళ్ళ కిందట చినబాబుకు టైఫాయిడ్ వచ్చి విజయనగరం ఆసుపత్రిలో పడ్డాడు. రెండు ఆదివారాలు చర్చిలో మైకు పలకలేదు. రెండో ఆదివారం సాయంత్రానికల్లా సంఘం రెండు ఆటోల్లో ఆసుపత్రి ముందు దిగింది. బత్తాయిలు, రొట్టెలు, ఒక కొత్త దుప్పటి. డేవిడ్‌రాజు గారు అతని చెయ్యి పట్టుకుని, "నువ్వు లేక మన సంఘం మూగపోయింది చినబాబూ" అన్నారు. అంతకు ముందు అతని జీవితంలో అతను లేక ఏదీ ఆగలేదు. క్రేను ఆగితే ఇంకో ఎలక్ట్రీషియను వస్తాడు. ఆ మాట అతను బత్తాయిల కన్నా భద్రంగా దాచుకున్నాడు. తిరిగి వచ్చాక సాకెట్ వదులైనట్టు కనిపించింది. వచ్చే వారం చూద్దామనుకున్నాడు. లేబుళ్ళు ఊడిపోయాయి. మళ్ళీ రాద్దామనుకున్నాడు. ఆ వచ్చే వారం ఏడేళ్ళుగా రాలేదు. చెడగొట్టాడని అతని మీద నేరం మోపలేం, బాగుచేయలేదు, అంతే. మనిషి తన చుట్టూ గోడ కట్టుకోవడానికి ఇటుకలే అక్కర్లేదు.

ఇలా ఉండగా ఒక సాయంత్రం, విజయనగరంలో డిగ్రీ చదువుతున్న అతని కూతురు మెర్సీ బస్సు దిగి ఇంటికొచ్చి, బ్యాగు మంచం మీద పడేసి, "నాన్నా, పేరిచ్చీసేను" అంది.

"దేనికమ్మా?"

"బాప్తిస్మానికి. వచ్చే నెల మొదటి ఆదివారం. తువ్వాలు నువ్వే పట్టాల."

ఆ సంఘంలో ఒక ఆచారం ఉంది. వేదికకు ఎడమ పక్కన పలకలు తీస్తే కింద సిమెంటు తొట్టి ఉంటుంది. పాస్టరు గారు అందులోకి దిగి, బాప్తిస్మం తీసుకునేవారిని వెనక్కి వంచి నిండా ముంచి లేపుతారు. తొట్టి మెట్ల దగ్గర తండ్రి కొత్త తువ్వాలు రెండు చేతులా చాచి పట్టుకుని నిలబడాలి. నీళ్ళలోంచి లేచిన బిడ్డ మొదట చూసేది తండ్రి మొహం. మొదట నడిచేది ఆ తువ్వాల్లోకి. చనిపోయి లేచిన బిడ్డను మళ్ళీ ఎత్తుకున్నట్టని పెద్దవాళ్ళు అంటారు. ఇది గ్రంథంలో లేదు గాని, గ్రంథంలో ఉన్న కొన్ని సంగతుల కన్నా నిష్ఠగా పాటిస్తారు.

చిక్కేమిటంటే పెట్టెకూ తొట్టికీ మధ్య ఒక స్తంభం ఉంది. పందొమ్మిదేళ్ళలో నూట నలభై బాప్తిస్మాలు జరిగాయి. చినబాబు అన్నీ విన్నాడు, ఒక్కటీ చూడలేదు. నీళ్ళ చప్పుడును బట్టి మునిగినవాళ్ళ బరువు చెప్పగలడు.

"మీ మావయ్య పడతాడు లేమ్మా" అన్నాడు.

"మావయ్యకి పుట్టేనేటి నేను?"

వంటింట్లోంచి అతని భార్య దానమ్మ తొంగిచూసింది. "ఒసే, నాన్ననెందుకే ఇరుకులో పెడతావు? ఆయన్ని ఆ పెట్టిలోంచి తియ్యాలంటే వడ్రంగిని పిలవాల."

"పిలు మరి" అంది మెర్సీ. "నువ్వు పట్టకపోతే ఆ మెట్ల మీదే నిలబడతాను నాన్నా. బట్టలు ఆరిపోయేదాకా కదల్ను. సెప్తన్నాను."

తల్లి ఎంతటి మొండిదో కూతురూ అంతే. చినబాబుకు నవ్వొచ్చింది. ఆ తరవాత భయమేసింది. ఎందుకంటే చూడాలని అతనికీ ఉంది. ఆ కోరిక ఎంత పెద్దదో కూతురు అడిగేదాకా అతనికే తెలియదు. బాప్తిస్మం జీవితంలో ఒక్కసారే. తప్పిపోతే రెండోసారి ముంచడానికి బాప్టిస్టు ధర్మం ఒప్పుకోదు.

సంఘ పెద్దల సమావేశంలో విషయం పెట్టాడు. ఒక్క ఆదివారం, ఒక్క గంట, తనకు పెట్టెలోంచి సెలవు కావాలి. పెద్దలు మొదట ప్రార్థన చేశారు. ఆ తరవాత అతన్ని పొగడడం మొదలుపెట్టారు. పొగడ్త మొదలైనప్పుడే చినబాబుకు సంగతి అర్థమైంది. ఇవ్వదలుచుకున్నవాళ్ళు అంతసేపు పొగడరు.

"ఆ పెట్టే నీకు బలిపీఠం చినబాబూ" అన్నారు డేవిడ్‌రాజు గారు. "నువ్వు చేస్తున్నది ఉద్యోగం కాదు, పరిచర్య. పరిచర్యలో సెలవేమిటి?"

"ఆ గంటసేపు మైకు లేకండా సేసుకుందాం అయ్యగారూ" అన్నాడు చినబాబు.

చర్చి పొడవు అరవై అడుగులు. మామూలు గొంతుతో మాట్లాడినా ఆఖరి బెంచీకి వినిపిస్తుంది. కాని పందొమ్మిదేళ్ళుగా అక్కడ ఎవరూ మామూలు గొంతుతో మాట్లాడలేదు. మైకులో చేయని ప్రార్థన పైకప్పు దాటుతుందన్న నమ్మకం ఎవరికీ లేదు.

పెద్దల్లో ఒకాయనకు ఉపాయం తట్టింది. స్తంభానికి ఎదురుగా గోడకు అద్దం బిగిస్తే, పెట్టెలో కూర్చునే తొట్టిని చూడవచ్చు. తమ ఇంట్లో పాత బీరువా అద్దం ఉంది, విరాళంగా ఇస్తానన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. మరి తువ్వాలో అని చినబాబు అడిగితే, తువ్వాలు అద్దంలోంచి పట్టడం కష్టమేనని ఒప్పుకున్నారు.

అప్పుడు మూల కుర్చీలోంచి, "నేను కూర్చుంటాను" అని వినిపించింది.

అన్నది జ్ఞానసుందరి టీచరమ్మ. ముప్ఫై ఏడేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పాటల బృందంలో ముందు వరసలో నిలబడతారు. ఆవిడ గొంతు గురించి సంఘంలో అందరిదీ ఒకే అభిప్రాయం. ఇన్నేళ్ళుగా ఎవరూ పైకి అనకుండా కాపాడుకొస్తున్నారు. ఆవిడ పెట్టెలో కూర్చుంటే ఆ పూట పాడరన్న సంగతి పెద్దలందరికీ ఒకేసారి తట్టింది. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఆ సంఘ చరిత్రలో అంత త్వరగా నెగ్గిన తీర్మానం ఇంకొకటి లేదు.

బుధవారం ప్రార్థన కూటం అయ్యాక టీచరమ్మ నోటుబుక్కు, స్కేలు, రెండు రంగుల పెన్నులు పట్టుకుని పెట్టెలోకి వచ్చారు.

"మొదటి మైకు ఎవరిది?"

"అయ్యగారిదండి. అంటే ఇప్పుడు మూడోదానికి మార్సేను. మొదటిది సెలవులో ఉన్నాది."

"రాసి పెట్టలేదేం?"

"నాకు తెలుసు గదండి."

"నీకు తెలిసింది పరీక్షలో ఇంకొకడు ఎలా రాస్తాడు?" అంటూ ఆవిడే కాగితం ముక్కలు కోసి, పేర్లు రాసి, గమ్ముతో అంటించారు. "తరవాత?"

"తరవాత… మోకాలండి."

చూపించాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, వంగి, ప్లగ్గునూ మోకాలినీ మార్చి మార్చి చూశారు. పాస్టరు గారి ప్రసంగం ఆవిడకు గుర్తొచ్చే ఉండాలి. మొహం మాత్రం మారలేదు.

"నా మోకాళ్ళకి డాక్టరు మెట్లే వద్దన్నాడు. ఇంకో దారి చెప్పు."

"సాకెట్టు మార్సడమేనండి."

"ఎంతసేపు పడుతుంది?"

"పది నిమిషాలు."

"పాడై ఎన్నాళ్ళయింది?"

"ఏడేళ్ళండి" అన్నాడు చినబాబు ప్లగ్గు వైపు చూస్తూ. టీచరమ్మ పెదవులు కదిలాయి. ఏడేళ్ళు, ఏడాదికి యాభై రెండు ఆదివారాలు, ఆదివారానికి రెండున్నర గంటలు… హెచ్చవేత సగంలో ఆపి, పెన్ను మూత పెట్టారు. "శుక్రవారానికి బాగుచెయ్యి" అన్నారు. హోంవర్కు చెయ్యనివాడితో ఆవిడ మాట్లాడే గొంతు అదే.

మర్నాడు షిఫ్టు దిగి తన స్నేహితుడు త్రినాథ్‌ను వెంటబెట్టుకొచ్చాడు. త్రినాథ్‌కు బజారులో సౌండ్ సర్వీసు ఉంది. రామతీర్థం ఉత్సవాలకు కట్టే మైకులన్నీ అతనివే. గుళ్ళో మైకుకూ చర్చిలో మైకుకూ కరెంటు ఒకటేనన్నది అతని వేదాంతం. పెట్టె వెనక్కి దూరి, టార్చి వేసి చూశాడు.

"బావ, ఈ వైరింగు నువ్వే సేసేవా, నీకు పడనోడెవడైనా సేసేడా?"

"వాగకండా సూడు."

"సూస్తన్నాను గదా. ఎర్తు వైరు రెండు సోట్ల కలిపీసినావు, మూలగకేటి సేస్తాది? ఇది నీకు తెల్దా? ఫ్యాక్టరీలో నిన్ను సూసి మేం నేర్సుకున్నాం గదరా."

చినబాబుకు తెలుసు. తెలిసిన సంగతి ఇంకొకరు చెబుతుంటే వినడం కష్టంగా ఉంది. సాకెట్ మార్చడానికి పదకొండు నిమిషాలు పట్టింది. ఎర్తు సరిచేయడానికి అరగంట. త్రినాథ్ స్విచ్చి వేసి, మైకు మీద వేలితో కొట్టాడు. టక్ మని గాజు మీద కొట్టినట్టు పలికింది. ఆ తరవాత ఏమీ లేదు. ఖాళీ చర్చిలో గోడ గడియారం టిక్‌టిక్ మనడం మొదటిసారి వినిపించింది.

"పోనాది మూలుగు" అన్నాడు త్రినాథ్.

"పోనాది."

"ఇప్పుడు గాడిదైనా నడుపుతాది బావ."

మెచ్చుకోలుగానే అన్నాడు పాపం. చినబాబు స్టూలు మీద కూర్చున్నాడు. ఎడమ మోకాలు తనంతట తానే ముందుకు జరిగి గోడను తాకింది. అక్కడ నొక్కవలసినది ఏమీ లేదు.

ఆదివారం వచ్చింది. కొత్త తువ్వాలు దానమ్మ శ్రీకాకుళం నుంచి తెప్పించింది. అంచు మీద చిన్న నీలం పువ్వులు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కుని చినబాబు మూడో బెంచీలో భార్య పక్కన కూర్చున్నాడు. పందొమ్మిదేళ్ళలో ఇదే మొదలు. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో తెలియలేదు. ఆరాధనను ఎవరి మైకు పెంచాలి, ఎవరిది తగ్గించాలి అన్న వరసలోనే అతను నేర్చుకున్నాడు. దానమ్మ రెండుసార్లు మోచేత్తో పొడిచింది.

"సేతులెందుకలగ ఆడిస్తన్నారు?"

చూసుకుంటే కుడిచేతి వేళ్ళు ఒళ్ళో పెట్టుకున్న పాటల పుస్తకం అట్ట మీద పైకీ కిందకీ జరుగుతున్నాయి.

పెట్టెలో టీచరమ్మ నోటుబుక్కు చూస్తూ, తలెత్తుతూ, లెక్క తప్పకుండా నడిపిస్తున్నారు. పాటల బృందం ఆ రోజు వినసొంపుగా ఉంది. కారణం అందరికీ తెలుసు. అందరూ దాన్ని కొత్త సాకెట్ మహిమ అన్నారు.

బాప్తిస్మం వేళకు వేదిక పలకలు తీశారు. అయిదుగురిలో మెర్సీ మూడోది. మొదటి ఇద్దరివీ అతను బెంచీలో తువ్వాలు మడతలు విప్పుకుంటూ ఉండగానే అయిపోయాయి. చినబాబు తువ్వాలు రెండు చేతులా చాచి మెట్ల దగ్గర నిలబడ్డాడు. తెల్లబట్టల్లో మెర్సీ అతని పక్కనుంచే దిగింది. "పట్టు నాన్నా, గట్టిగా" అని గొణిగింది. నీళ్ళు నడుం దాకా వచ్చాయి. డేవిడ్‌రాజు గారు మైకులో ప్రశ్నలు అడిగారు. మెర్సీ జవాబులు చెప్పింది. చివరి జవాబు అయ్యాక పాస్టరు గారు రెండు చేతులూ ఖాళీ కావాలి గనక మైకును మెట్ల మీదున్న పెద్దమనిషికి అందించారు.

చర్చి నిశ్శబ్దమైంది.

ఇలాంటి నిశ్శబ్దం చినబాబు నూట నలభై సార్లు విన్నాడు. కాని అందులో ఎప్పుడూ మూలుగు ఉండేది. పాస్టరు గారు మైకు వదిలిన క్షణం నుంచి నీళ్ళ చప్పుడు దాకా ఆ మూలుగును పట్టుకునే అతను నడిచేవాడు. ఇప్పుడు అది లేదు. లేకుండా చేసింది తనే. ఆ సంగతి అతని బుర్రకు తెలుసు; చెవికి తెలియదు. చెవి ఒక్కటే మాట చెప్పింది: పోయింది. ఎడమ మోకాలు గాల్లో ముందుకు నొక్కింది. తల వెనక్కి తిరిగింది.

స్తంభం పక్కనుంచి, తొట్టి వైపే తిరిగి ఉన్న రెండు వందల తలల మీదుగా, జాలీ వెనక, జ్ఞానసుందరి టీచరమ్మ కనిపించారు. ఆవిడ ముందు మిక్సర్ లైట్లన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. తనవైపు తిరిగిన చినబాబును చూసి ఆవిడ నిర్ఘాంతపోయి, చేతిలో ఉన్న ఎర్ర పెన్నుతో ముందుకు చూపించారు. అటు, అటు.

నీళ్ళ చప్పుడైంది.

చినబాబు తిరిగేసరికి మెర్సీ రెండో మెట్టు మీద ఉంది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. కళ్ళు తుడుచుకుంటోంది. తువ్వాలు సరిగ్గా ఉండవలసిన చోటే, చాచిన చేతుల్లోనే ఉంది. అందులోకి నడిచొచ్చింది. చినబాబు చుట్టాడు. తడి, చల్లదనం, కూతురి భుజాల వణుకు, అన్నీ అందాయి.

"సూసేవా నాన్నా?"

"సూసేనమ్మా" అన్నాడు.

మెట్ల మీద పెద్దమనిషి చేతిలో మైకు వాళ్ళిద్దరికీ జానెడు దూరంలో ఉంది. ఆ మాట నాలుగు స్పీకర్లలోంచి, ఏ మూలుగూ లేకుండా, చర్చి అంతటా అక్షరం అక్షరం పలికింది. సంఘం "ఆమేన్" అంది. బెంచీల్లో కొందరు ఆడవాళ్ళు కొంగుతో కళ్ళద్దుకున్నారు. తొట్టిలో నిలబడే డేవిడ్‌రాజు గారు, ఈ తండ్రి సాక్ష్యం మనందరికీ ఆదర్శమన్నారు.

ఆరాధన అయ్యాక పెట్టె దగ్గర జనం మూగారు. టీచరమ్మకు అభినందనలు. వచ్చే ఆదివారం కూడా ఆవిడే కూర్చుంటే ఎలా ఉంటుందని ఒక పెద్ద అన్నాడు. బ్రహ్మాండంగా ఉంటుందని పాటల బృందం మొత్తం ఒకే గొంతుతో, ఆ రోజు పాడిన దాని కన్నా శ్రుతిగా, చెప్పింది. టీచరమ్మ సరేనన్నారు. ఇక చినబాబు పందొమ్మిదేళ్ళ పరిచర్యకు కృతజ్ఞతగా శాలువా కప్పాలని అక్కడికక్కడే నిర్ణయమైంది. అతని అవసరం లేదని ఇంత మర్యాదగా ఇదివరకు ఎవరూ చెప్పలేదు.

జనం పలచబడ్డాక టీచరమ్మ అతన్ని పక్కకు పిలిచారు.

"మైకు నేను చూసుకుంటున్నాను గదయ్యా. నన్ను చూసే పని నీకెందుకు?"

"మీ కోసం కాదండి."

"తెలుసు" అన్నారు ఆవిడ. నోటుబుక్కు సంచిలో పెట్టుకుని, "నేనెవరికీ చెప్పను" అని వెళ్ళిపోయారు.

చెప్పవలసిన అవసరం లేకపోయింది. మధ్యాహ్నం కోడికూర భోజనాలయ్యాక మంచం మీద మెర్సీ ఫోను టింగ్ మంది. దానమ్మ తమ్ముడు బెంచీ ఎక్కి తీసిన వీడియో. నలభై సెకన్లది. "సూద్దాం రండి" అని మెర్సీ తల్లినీ తండ్రినీ చెరో పక్క కూర్చోబెట్టుకుంది. చినబాబుకు లేచి పోదామనిపించింది. కూతురి మోచెయ్యి అతని చేతి మీద ఉంది.

వీడియోలో పాస్టరు గారు మైకు పక్కకు ఇచ్చారు. మెర్సీని వెనక్కి వంచారు. నీళ్ళు విడిపోయాయి, మూసుకున్నాయి, మళ్ళీ విడిపోయాయి. లేచింది. లేస్తూనే కళ్ళు విప్పి మెట్ల వైపు చూసింది. అక్కడ, తెర ఎడమ మూల, తెల్ల చొక్కా తొడుక్కున్న మనిషి ఒకడు నీలం పువ్వుల తువ్వాలు చక్కగా చాచి పట్టుకుని, మొహం గుమ్మం వైపు తిప్పి నిలబడి ఉన్నాడు.

దానమ్మ ఫోను వైపు చూసింది. తరవాత మొగుడి వైపు చూసింది. కంచాలు తీయడానికి లేచింది.

"అక్కడేటున్నాది నాన్నా?" అంది మెర్సీ.

"కరెంటు పోనాదనుకున్నానమ్మా."

"పోనాదా?"

"లేదు."

బయట ఫ్యాక్టరీ సైరను మోగింది. రెండో షిఫ్టువాళ్ళ సైకిళ్ళు వీధిలో వెళ్తున్నాయి. మెర్సీ కాసేపు ఫోను ఒళ్ళో బోర్లించి కూర్చుంది. ఆ తరవాత తీసి, వీడియో మళ్ళీ మొదటికి జరిపి, తెర ఎడమ మూల మీద, తెల్ల చొక్కా మనిషి ఉన్న చోట, బొటనవేలు అడ్డుపెట్టింది.

"ఇప్పుడు సూడు" అంది.

పాస్టరు గారు వంగారు. నీళ్ళు విడిపోయాయి. చినబాబు కళ్ళు ఆర్పకుండా చూశాడు. మధ్యలో వేలు కొంచెం జారింది. మెర్సీ దాన్ని మళ్ళీ సర్దుకుంది.